కోనసీమ రైతుకు ప్రభుత్వ సహాయం – మురుగు పారుదల ప్రాధాన్యం

అమలాపురం: ధవళేశ్వరం వద్ద 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట, వైనతేయ పాయపై నిర్మించిన గన్నవరం అక్విడక్టు కోనసీమకు సాగునీటిని సమకూర్చాయి. గోదావరి మధ్య డెల్టాగా వ్యవహరించే ఈ ప్రాంతంలో సుమారు 2 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది. గౌతమి, వశిష్ఠ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ఈ పల్లపు భూములకు నీరు తేవడం ఒక ఎత్తు, ఆ నీటిని తిరిగి బయటకు పంపడం మరొక ఎత్తు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో అమలైన వ్యవసాయ పథకాల ఫలితాలను పరిశీలించే వారు మొదట గమనించవలసిన అంశం ఈ రెండవదే.

సముద్ర తీర మండలాలలో భూమి సముద్ర మట్టానికి స్వల్ప ఎత్తులోనే ఉంటుంది. ఇసుక మేటలతో మొగలు పూడుకుపోయినపుడు వాన నీరు సముద్రంలోకి చేరదు. పోటు సమయంలో ఉప్పునీరు డ్రెయిన్ల వెంట ఎగదన్ని చేలలోకి, తోటలలోకి వస్తుంది. గుర్రపుడెక్క, కిక్కిస, గట్ల ఆక్రమణలు ప్రవాహాన్ని మరింత మందగింపజేస్తాయి. కౌశిక, కూనవరం, శంకరగుప్తం వంటి డ్రెయిన్ల పేర్లు రైతుల వినతిపత్రాలలో ఏటా కనిపించడానికి కారణమిదే.

ఈ సమస్య కొత్తది కాదు. డెల్టా మురుగు పారుదల పనుల కోసం రైతుల నుంచి పన్ను వసూలు చేసేందుకు 1968లోనే కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంత డ్రైనేజీ సెస్సు చట్టం చేయబడినది. తమ డ్రెయిన్లకు తామే సొమ్ము చెల్లించిన చరిత్ర డెల్టా రైతుకు ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది. 1997లో రైతుల ఆధ్వర్యంలో సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చి నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. పంట బోదెల పూడికతీత, షట్టర్ల మరమ్మతు వంటి పనులలో వీటికి పాత్ర కల్పించారు. చాలాకాలం విరామం తరువాత ఈ సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి.

డ్రెయిన్ల దుస్థితి, పెరిగిన కూలి రేట్లు, గిట్టుబాటు కాని ధర, ధాన్యం కొనుగోలులో జాప్యం కలిసి 2011 ఖరీఫ్‌లో దేశం దృష్టిని కోనసీమ వైపు తిప్పాయి. ఆ ఏడాది వేలాది ఎకరాలలో రైతులు నాట్లు వేయక పంట విరామం ప్రకటించారు. అప్పుడు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు రూ.1,080. రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించి కారణాలను విచారింపజేసింది. ఉపాధి హామీ పనులను వ్యవసాయంతో అనుసంధానించాలన్నది నాటి రైతుల డిమాండ్లలో ఒకటి. జాతీయ ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం, విత్తనాలు, కోతల సమయంలో మొత్తం 60 రోజుల వరకు పనులు నిలిపివేసే వీలు కల్పించింది. మద్దతు ధర 2025-26కు రూ.2,369 అయినది. 2022లో కాలువలకు జూన్ 1నే నీరు విడుదల చేసినప్పటికీ కొన్ని మండలాల రైతులు మళ్లీ పంట విరామం ప్రకటించడాన్ని బట్టి, నీరు ముందుగా ఇచ్చినంత మాత్రాన సమస్య తీరలేదని స్పష్టమవుతున్నది.

సార్వా నాట్లు ఆలస్యమైతే కోత అక్టోబరు, నవంబరు తుపానులలో చిక్కుకుంటుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం సమీపంలో తీరం దాటింది. ఇటువంటి విపత్తులలో పెట్టుబడి రాయితీకి అర్హతగా ఉన్న 50 శాతం పంట నష్టాన్ని కేంద్రం 2015లో 33 శాతానికి తగ్గించింది. 2020లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుంచి వైదొలగిన రాష్ట్రం 2022లో తిరిగి చేరింది.

నగదు సహాయంలో పీఎం కిసాన్ కింద ఏటా రూ.6,000 భూమి గల కుటుంబాలకే వర్తిస్తుంది. రాష్ట్ర వాటాతో కలిపి రూ.20,000 అందించే అన్నదాత సుఖీభవ 2025 ఆగస్టు 2న ప్రారంభమైనది. అయితే కోనసీమలో చేలో దిగేవారిలో అధికులు కౌలుదారులు. వారికి గుర్తింపునిచ్చేందుకు 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం చేశారు. రెండవ చట్టం ప్రకారం 11 నెలల కాలానికి ఇచ్చే కార్డుకు భూ యజమాని అంగీకారం అవసరం. క్షేత్రస్థాయిలో అసలు చిక్కు ఈ సంతకం దగ్గరే వస్తున్నది.

కొబ్బరికి వేరుగా సహాయం ఉన్నది. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2009-10లో ప్రవేశపెట్టిన బీమాలో 4 నుంచి 15 ఏళ్ల చెట్టుకు రూ.9, ఆపై 60 ఏళ్ల వరకు రూ.14 ప్రీమియంగా నిర్ణయించారు. అందులో సగం బోర్డు, పావు వంతు రాష్ట్రం భరించగా రైతు వాటా మిగిలిన పావు వంతే. తెల్లదోమ నివారణకు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్ర పురుగులను, శిలీంధ్రాన్ని వృద్ధి చేసి రైతులకు అందించింది.

రాజోలు నియోజకవర్గంలోని కేశనపల్లి పరిసరాలలో శంకరగుప్తం డ్రెయిన్ నుంచి ఉప్పునీరు ఎగదన్ని ఎండిన కొబ్బరి తోటలను ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ 2025 నవంబరులో పరిశీలించారు. తుపానుకు కూలిన చెట్టుకు తేదీ ఉంటుంది, నష్టాన్ని లెక్కించవచ్చును. ఏళ్ల తరబడి వేరు కుళ్లి మోడైన చెట్టును, ఒక నిర్ణీత విపత్తును దృష్టిలో ఉంచుకొని రూపొందిన సహాయ నియమాలలో ఇమడ్చడం కష్టం. అక్కడి రైతులు కోరినది కూడా డ్రెయిన్ పూడికతీత, గట్ల పటిష్ఠతనే.