స్ప్రింగు వెయ్యడం తేలికే, ఊపు ఆపడమే కష్టం

పాత మోటారు సైకిళ్ళ గురించి మాట్లాడుకునేటప్పుడు అందరూ ఇంజిను దగ్గరే ఆగిపోతారు. ఎన్ని సీసీలు, సౌండెలా ఉంది, లీటరుకెంత ఇస్తుంది... అంతే. ముందు చక్రాన్ని మోసే ఫోర్కు గురించి పట్టించుకునేవాళ్ళు తక్కువ. పాత బండిని బాగు చేయించేటప్పుడు మాత్రం, "అది పీకేసి కొత్త బండి ఫోర్కు వేయించెయ్ బాసూ" అని సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. అలా చేస్తే బండి బాగుపడినట్టా, పాడైనట్టా? జవాబు కావాలంటే ముందు ఆ ఫోర్కు కథ కాస్త తెలియాలి.

తొలినాళ్ళ బళ్ళకి సైకిలు ఫోర్కే ఉండేది. గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా చేతులకే! తర్వాత గర్డర్ ఫోర్కులొచ్చాయి. చక్రానికి రెండు పక్కలా చట్రం, దాన్ని హ్యాండిల్ వైపు కలిపే చిన్న చిన్న లింకులు, మధ్యలో స్ప్రింగు. 1920లు, 30లలో బ్రిటిష్ బళ్ళు ఎక్కువ భాగం ఇలాంటివే.

అసలు చిక్కు స్ప్రింగుతోనే. అది దెబ్బని మింగదు, దాచుకుంటుంది. దాచుకున్నది వెంటనే తిరిగిచ్చేస్తుంది కూడా. ఆ ఊపుని ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి. దాన్నే డాంపింగ్ అంటారు. గర్డర్ ఫోర్కుల్లో ఈ పనికి ఒకదానికొకటి రాసుకునే బిళ్ళలు, వాటిని చేత్తో బిగించే ఒక మర ఉండేవి. బిగిస్తే చిన్న గతుకులకి ఫోర్కు కదలనే కదలదు. వదులు చేస్తే పెద్ద గతుకుకి గుర్రంలా ఎగురుతుంది.

గొట్టంలో గొట్టం జారే టెలిస్కోపిక్ ఆలోచన కొత్తదేం కాదు. ఇంగ్లాండులో స్కాట్ బండికి 1908లోనే ఆ తరహా ఫోర్కు ఉంది. డెన్మార్క్ వాళ్ళ నింబస్ 1934లో తెచ్చింది. కానీ వీటిలో ఊపు ఆపే నూనె లేదు. 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12, ఆర్17 బళ్ళలో ఆ గొట్టాల్లోనే నూనె పోసి చిన్న రంధ్రాల గుండా పోయేలా చేసింది. ఊపు కాస్తా నూనెలో వేడిగా మారిపోతుంది. 1941లో మ్యాచ్‌లెస్ జి3/ఎల్ మీద 'టెలిడ్రాలిక్' ఫోర్కు యుద్ధానికి వెళ్ళింది. యుద్ధం అయ్యాక గర్డర్ల కాలం చెల్లిపోయింది.

కథ ఇక్కడితో సాఫీగా సాగిపోలేదు. విమానాల చక్రాల కాళ్ళు తయారు చేసే డౌటీ కంపెనీ, ఉక్కు స్ప్రింగు తీసేసి గాలి ఒత్తిడితో పనిచేసే ఫోర్కు తెచ్చింది. వెలోసెట్, పాంథర్ బళ్ళు దాన్ని వాడాయి. ప్రయాణం బానే ఉండేది గానీ, సీళ్ళు అరిగి గాలి పోతే బండి ముక్కు నేలకు వంగేది. చివరికి వాళ్ళు ఉక్కు స్ప్రింగులకే వచ్చారు. ఇంకా తమాషా ఏంటంటే, నూనె ఫోర్కుని జనానికి అలవాటు చేసిన బీఎండబ్ల్యూనే 1955లో దాన్ని వదిలేసి ఎర్ల్స్ ఫోర్కుకి మారింది. 1969లో మళ్ళీ టెలిస్కోపిక్‌కి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ :)

మన బుల్లెట్ సంగతి. 1949 మోడల్ నుంచీ దానికి టెలిస్కోపిక్ ఫోర్కే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక ఆ ఫోర్కే మన రోడ్లెక్కింది.

ఇలాంటి పాత ఫోర్కుల్లో చాలావాటికి ఉన్న లోపం ఏంటంటే, నూనె వెళ్ళే రంధ్రం సైజు మారదు. హార్డ్‌కోడ్ చేసిన విలువలాంటిదన్నమాట. ఫోర్కు కదిలే వేగం రెట్టింపైతే నూనె అడ్డుకునే బలం సుమారు నాలుగింతలవుతుంది. అందుకే బ్రేకు వేస్తే మెత్తగా కూలబడే ఫోర్కే, పదునైన గుంతలో రాయిలా గట్టిపడుతుంది. చిక్కటి నూనె పోస్తే మొదటిది తగ్గుతుంది, రెండోది ఇంకా పెరుగుతుంది.

దీనికి మందుంది. లోపలి రాడ్డులో రంధ్రాలు పెద్దవి చేసి, పైన స్ప్రింగు బిగించిన ఒక వాల్వు కూర్చోబెడతారు. ఒత్తిడి హద్దు దాటితే అది తెరుచుకుంటుంది. బయటికి ఏమీ కనపడదు. కాకపోతే ముందు గొట్టాలు వంగాయేమో గేజీ పెట్టి తిప్పి చూడాలి. క్రోమ్ మీద తుప్పు గుంటలుంటే కొత్త ఆయిల్ సీల్ వేసినా అవి కోసేస్తాయి. గ్రైండింగ్ చేయించి హార్డ్ క్రోమ్ వేయించాల్సిందే.

ఫోర్కు మొత్తం మార్చడం వేరే సంగతి. కొత్తది పొట్టిదైతే బండి ముందుకి వాలి, స్టీరింగ్ కోణం నిటారవుతుంది, ట్రయల్ తగ్గుతుంది. స్పీడులో హ్యాండిల్ నిలకడగా ఉండకపోవచ్చు. బ్రేకు మంచిదైంది కదా అని సంబరపడితే సరిపోదు. ఇక తీసేసిన పాత ఫోర్కు ఏమవుతుంది? పాత సామాన్ల వాడికి తూకానికి పోతుంది. అది తయారు చేసిన కంపెనీల్లో చాలా వరకు మూతపడ్డాయి. మళ్ళీ కావాలన్నా దొరకదు.

అందుకే నా మటుకు నాకు, పాత బండిని అసలు ముట్టుకోకూడదనే వాదన నచ్చదు. ఈ ఫోర్కు చరిత్రంతా మార్పుల చరిత్రే కదా. కానీ మార్పు లోపల చెయ్యండి, తర్వాతి వాడు వెనక్కి మార్చుకోగలిగేలా చెయ్యండి. తీసిన ప్రతి ముక్కా సంచిలో కట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి దాచండి. బ్యాకప్ లేకుండా పాత కోడ్ చెరిపేసేవాణ్ణి మనం ఆఫీసులో ఏమంటామో, ఇక్కడా అదే అనాలి.