గేమ్‌లో మన ఆర్టీసీ బస్సు: నెంబర్‌లో ‘జెడ్’ ఎందుకు?

ఇవాళ ఆర్టీసీ బస్సు నేనే నడుపుతున్నా. నిజం బస్సు కాదులెండి, ఫోన్‌లో! గేమ్ పేరు బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా. మలియో అనే అక్కడి కంపెనీ 2017లో తెచ్చింది, డౌన్‌లోడ్ ఫ్రీ. ఇండోనేషియాలోనూ మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు, స్టీరింగ్ కుడివైపే. అందుకే రోడ్లు వాళ్లవైనా చేయి తొందరగానే అలవాటవుతుంది. బస్సు రంగులు కూడా మనమే వేసుకోవచ్చు.

నేను మన సిటీ బస్సు రంగులు వేశా. నెంబర్ దగ్గరకొచ్చేసరికి ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే ఆర్టీసీ సొంత బస్సు నెంబర్‌లో ‘జెడ్’ ఉండాలి. దాని వెనక పెద్ద కథే ఉంది.

1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వేనే రోడ్డు మీద బస్సులు మొదలుపెట్టింది. మొత్తం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జహ్రా బేగం గుర్తుగా ఆ అక్షరం పెట్టించారని చెబుతారు. 1951లో ఆ బస్సులు హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక టీఎస్ఆర్టీసీ, 2024లో టీజీఎస్ఆర్టీసీ. పేర్లు ఇన్నిసార్లు మారినా ‘జెడ్’ మాత్రం పోలేదు.

గేమ్‌లో ట్రిప్పులు కొట్టి డబ్బు సంపాదిస్తే కొత్త బస్సు మన సొంతం. ఆర్టీసీ బస్సు అలా ఒక్కరిది కాదు, టికెట్ కొన్న అందరిదీ. గండిమైసమ్మ చౌరస్తాలో నర్సాపూర్ రోడ్డు మీద బస్సు ఆగితే, ఎక్కేముందు ఆ ప్లేట్ ఒకసారి చూడండి. ‘జెడ్’ కనిపిస్తే కామెంట్‌లో చెప్పండి!