బిల్లు కట్టేదాకా గుర్తున్న లెక్క

1920ల నాటి బెర్లిన్. విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర విభాగం అప్పట్లో చక్రవర్తి ఖాళీ చేసి వెళ్లిన రాజభవనంలో ఉండేది. అక్కడి అధ్యాపకుడు కుర్ట్ లెవిన్‌కు మాత్రం తరగతి గదిలో కన్నా దగ్గర్లోని కాఫీ హోటల్లోనే పాఠం బాగా సాగేది. శిష్యులంతా చుట్టూ చేరేవారు. గంటల తరబడి చర్చ. మధ్యమధ్య ఎవరికి కావలసింది వారు తెప్పించుకునేవారు. సర్వరు కాగితం మీద ఏదీ రాసుకునేవాడు కాదు. అయినా బిల్లు అడిగితే ఎవరు ఏం తాగారో, ఏం తిన్నారో పొల్లుపోకుండా అప్పజెప్పేవాడట. ఒకనాడు డబ్బు కట్టి కాసేపు కూర్చున్నాక లెవిన్ అతణ్ణి పిలిచి, ఆ లెక్క మళ్లీ చెప్పమన్నాడు. సర్వరుకు చిరాకేసింది. మీరు కట్టేశారు కదా, ఇంకా నాకెందుకు గుర్తుంటుందన్నాడు.

ఈ ముచ్చటను తలా ఒక రకంగా చెబుతారు. దాన్ని ప్రయోగశాలకు ఎక్కించింది మాత్రం లిథువేనియాలో పుట్టి బెర్లిన్‌కు చదువుకు వచ్చిన బ్లూమా జైగార్నిక్. ఆమె ఒక్కొక్కరినీ పిలిచి ఇరవై దాకా చిన్నచిన్న పనులు ఇచ్చేది: మట్టితో బొమ్మ చేయడం, పూసలు గుచ్చడం, అట్టపెట్టె తయారు చేయడం, లెక్కలు కట్టడం. సగం పనులను పూర్తి కానిచ్చేది. మిగతా సగం, సరిగ్గా మనిషి పనిలో మునిగిపోయే వేళకు, ఇక చాలు, ఇంకొకటి అందుకోండి అని ఆపించేసేది. కొందరు నొచ్చుకున్నారు, ఇంకాసేపు ఉండనివ్వమని వాదించారు. అన్నీ అయ్యాక ఆమె అడిగేది ఒక్కటే: ఇప్పటిదాకా ఏమేం చేశారు? మధ్యలో ఆగిన పనులు పూర్తయిన వాటికి దాదాపు రెండింతలు గుర్తొచ్చాయి.

జైగార్నిక్ అక్కడితో సంబరపడిపోలేదు. ఆగిన పనులే ఆసక్తికరమైనవేమో! అందుకే ఒకరికి ఆపిన పనిని ఇంకొకరి చేత పూర్తి చేయించింది. పోనీ, హఠాత్తుగా ఆపించడంలోని ఉలికిపాటే జ్ఞాపకాన్ని నాటుతోందేమో! ఈసారి కొన్ని పనులను ఆపించి, కాసేపటికి మళ్లీ ఇచ్చి పూర్తి చేయించింది. ఉలికిపాటే కారణమైతే అవీ గట్టిగా గుర్తుండాలి. ఉండలేదు. పూర్తయిన వాటిలాగే మరుగున పడ్డాయి. పని మొదలుపెడితే మనసులో ఒక బిగువు పుడుతుందని, పని తీరేదాకా అది సడలదని గురువు చెబుతున్న మాటకు ఇది బలమిచ్చింది. 1927లో ఆమె వ్యాసం అచ్చయింది.

మరుసటి ఏడాది ఆమె సహాధ్యాయిని మరియా ఒవ్‌సియాంకినా వ్యాసం వచ్చింది. ఆమె జ్ఞాపకం జోలికే పోలేదు. పని ఆపించి, మనుషులను వారి మానాన వదిలేసి చూసింది. ఎవరూ చెప్పకపోయినా, బహుమతేదీ లేకపోయినా, చాలామంది ఆగిన పనిని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

ఆ తర్వాత చరిత్ర వారిని చెదరగొట్టింది. జైగార్నిక్ 1931లో మాస్కో చేరింది. హిట్లర్ రాకతో లెవిన్ అమెరికా వెళ్లిపోయాడు. జైగార్నిక్ భర్తను సోవియట్ ప్రభుత్వం అరెస్టు చేసింది. ఇద్దరు కొడుకులను ఒంటరిగా పెంచుతూ, యుద్ధకాలంలో ఉరల్ ప్రాంతపు ఆసుపత్రిలో తలకు గాయాలైన సైనికులకు తిరిగి మాట, పని నేర్పే బృందంలో పనిచేసింది. బెర్లిన్ నాటి ప్రయోగం ఆమె పేరుతో ప్రపంచమంతా తిరుగుతుంటే ఆమె జీవితం అలా సాగింది.

ఆ ప్రయోగమూ సాఫీగా నడవలేదు. వేరే చోట్ల చేసినవారికి ఒకసారి వచ్చిన ఫలితం మరోసారి రాలేదు. 1943లో అమెరికాలో సాల్ రోజెన్‌జ్వైగ్ ఇంకో మెలిక చూపించాడు. ఇది మీ తెలివికి పరీక్ష అని చెబితే మనుషులకు పూర్తి చేసిన పనులే ఎక్కువ గుర్తొచ్చాయి. ఓటమిని తలచుకోవడం ఎవరికి ఇష్టం?

జ్ఞాపకం సంగతి ఎలా ఉన్నా, మిగిలిపోయిన పని మనసును పీకుతుందన్నది అందరికీ అనుభవమే. మరి ఆ పీకుడు తగ్గాలంటే పనులన్నీ పూర్తి చేయడం తప్ప దారి లేదా?

సగం జవాబు జర్మనీ నుంచే వచ్చింది. 1990లలో పీటర్ గోల్‌విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టెటర్ కొందరు విద్యార్థులకు ఒక పని అప్పగించారు: క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిచిందో రెండు రోజుల్లో రాసి పంపాలి. సగం మందిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. అలా అనుకున్నవారిలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది రాసి పంపారు. మిగతావారిలో మూడో వంతే. పండుగ సెలవుల్లో అంత తేడా రావడం నాకు ఇప్పటికీ వింతే. ‘కరెంటు బిల్లు’ అని చిట్టాలో రాసుకోవడానికీ, ‘రేపు టిఫిను కాగానే ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టాలి’ అని రాసుకోవడానికీ మధ్య ఉన్నది ఆ తేడాయే.

మిగతా సగం 2011లో తేలింది. ఫ్లోరిడాలో మాసికాంపో, బౌమైస్టర్ కొందరిచేత తీరని పనులను తలపుకు తెప్పించి, తర్వాత నవల చదవమన్నారు. చదువుతుంటే ఆ పనులే అడ్డొచ్చాయి. ఇంకొందరిచేత ఆ పనులను ఎలా చేస్తారో వివరంగా రాయించారు. వారు నిశ్చింతగా చదువుకున్నారు. విచిత్రమేమిటంటే వారి పనుల్లో ఒక్కటీ ముందుకు కదల్లేదు! మనసు అడిగింది పూర్తి కావడాన్ని కాదు, ఒక మాటను.

2018లో బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం 57 మందిని నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టింది. పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు సగం మంది అప్పటికే ముగించిన పనులు రాశారు, సగం మంది చేయాల్సినవి. ముగించినవి రాసినవారికే హాయిగా నిద్ర పడుతుందని ఎవరైనా అనుకుంటారు. చేయాల్సినవి రాసినవారు సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. వారిలోనూ చిట్టా ఎంత వివరంగా ఉంటే నిద్ర అంత త్వరగా పట్టింది.

ఇక 2025లో ఇద్దరు పరిశోధకులు దాదాపు వందేళ్ల ప్రయోగాలన్నింటినీ ఒకచోట పోసి లెక్కగట్టారు. ఆగిన పని ఎక్కువ గుర్తుంటుందన్న మాట నిలబడలేదు. దాన్ని మళ్లీ అందుకోవాలన్న తపన మాత్రం నిలిచింది. అంటే నెగ్గింది ఒవ్‌సియాంకినా. పాఠ్యపుస్తకాల్లో పేరు మాత్రం ఇప్పటికీ జైగార్నిక్‌దే.