ప్రొటెస్టెంట్

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘ప్రొటెస్టారి’. నలుగురి ముందు సాక్ష్యం చెప్పడమని దాని అర్థం; నిరసన అన్న భావం తర్వాత బలపడింది. 1529లో జర్మనీలోని స్పైయర్‌లో కూడిన సామ్రాజ్య సభ మత సంస్కర్త మార్టిన్ లూథర్ బోధకు అడ్డుకట్ట వేస్తూ తీర్మానం చేసింది. దాన్ని కాదంటూ కొందరు పాలకులు, 14 నగరాలు ‘ప్రొటెస్టేషన్’ పత్రం సమర్పించారు. పేరు వారికి అలా అంటుకుంది.

అంటే మొదట ఇది ఒక రాజకీయ పక్షం పేరు, ఏ ఒక్క చర్చిదీ కాదు. మతం ఏదని అడిగే సర్వేల చిక్కంతా ఇక్కడే. అమెరికాలో 1972లో మొదలైన జనరల్ సోషల్ సర్వే ‘ప్రొటెస్టెంటా, క్యాథలిక్కా, యూదులా’ అని అడుగుతూ వచ్చింది. ఏ శాఖకూ చెందని చర్చిలకు వెళ్లేవారిలో చాలామంది ‘మేం క్రైస్తవులం, అంతే’ అంటారు. పరిశోధకుడి లెక్కలో ప్రొటెస్టెంటు అయిన మనిషి తన లెక్కలో కాకపోవచ్చు. పోనీ, ‘బాప్టిస్టు’ అని శాఖ పేరు చెప్పినా చాలదు. అమెరికా మత సంప్రదాయాలను గుంపులుగా విడదీస్తూ 2000లో వచ్చిన రెల్‌ట్రాడ్ వర్గీకరణలో సదరన్ బాప్టిస్టులు ఎవాంజెలికల్ గుంపులో, అమెరికన్ బాప్టిస్టులు మెయిన్‌లైన్‌లో, నల్లజాతి బాప్టిస్టు సంఘాలు మరో గుంపులో పడతాయి.

తెలుగునాట ఈ మాట పుస్తకాలు దాటి పెద్దగా రాలేదు. గుంటూరులో లూథరన్ అంటారు, ఒంగోలులో బాప్టిస్టు అంటారు. జనగణన మత పట్టికలో అందరూ ‘క్రైస్తవులు’ మాత్రమే.