జ్వరంతో పనికి వెళ్ళిన మనిషి: 1918 చెప్పే పాఠం

1918 జూన్ 10న బొంబాయిలో ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. వారిలో ఒకరు ఓడరేవులో కాపలా కాసినవారు. అది మలేరియా కాదని వైద్యులు గుర్తించారు. కొద్ది రోజుల్లోనే పోర్టు ట్రస్టులో, తంతి కార్యాలయంలో, టంకశాలలో, బ్యాంకులో, నూలు మిల్లులో పనివారు వరుసగా మంచం పట్టారు. అదే ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి. ఆ వ్యాధి నగరంలో అడుగుపెట్టిన తొలి దారి పనిచోటే.

వర్షాకాలం ముగిసేసరికి రెండవ విజృంభణ మరింత తీవ్రంగా వచ్చింది. అక్టోబరు 6న ఒక్క బొంబాయిలోనే 768 మరణాలు నమోదయ్యాయి. దేశం మొత్తం మీద కోటి మందికి పైగా మరణించారని అంచనా. వారిలో ఇరవై నుంచి నలభై ఏళ్ళ లోపువారు, అంటే కుటుంబాలను పోషించేవారే, ఎక్కువ.

అదే అక్టోబరులో న్యూయార్కు ఆరోగ్యాధికారి రాయల్ కోప్‌లాండ్ దుకాణాలు, కార్యాలయాలు, కర్మాగారాలు తెరిచే, మూసే వేళలను వేరువేరుగా నిర్ణయించారు. అందరూ ఒకేసారి రైళ్ళలో క్రిక్కిరిసి ప్రయాణించకూడదన్నది ఆయన ఉద్దేశం. బోస్టన్, ఫిలడెల్ఫియాలతో పోలిస్తే న్యూయార్కులో మరణాల రేటు తక్కువగా ఉంది. ఆ ఘనత అంతా వేళల మార్పుదే అనలేము గాని, ఆలోచన మాత్రం సరైనది.

అయితే వేళలు మార్చినంత మాత్రాన ఒక ప్రశ్న తీరదు. జ్వరపడిన కూలీ ఇంట్లో పడుకుంటే పొయ్యి వెలిగేదెలా? మన దేశంలో దీనికి చట్టరూపంలో లభించిన ముఖ్యమైన సమాధానం 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం. 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో ఆ పథకం అమలులోకి వచ్చింది. నేడు అర్హులైన కార్మికులకు అనారోగ్య కాలంలో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం లభిస్తుంది. కానీ అడ్డాకూలీలకు, ఇళ్ళలో పనిచేసేవారికి ఆ నీడ లేదు.

నా ఉద్యోగకాలంలో “ఒక సూది వేయండి డాక్టరుగారూ, రాత్రి షిఫ్టుకు పోవాలి” అన్నవారు ఎందరో. తప్పని తెలిసీ చాలామందిని అలాగే పంపాను. మందు జ్వరాన్ని దించుతుందే గాని, ఇతరులకు సోకడాన్ని ఆపదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ ముఖాలే గుర్తుకు వచ్చాయి.

మీ దగ్గర నలుగురు పనిచేస్తుంటే, జ్వరం వచ్చినవారిని జీతం కోయకుండా ఇంటికి పంపండి. మందు వేసుకోకుండానే జ్వరం తగ్గి ఒక రోజు గడిచాకే మళ్ళీ రమ్మనండి. అది దయ కాదు, మిగిలిన ముగ్గురికీ రక్షణ.