గంటగంటకును ప్రార్థించిన యిల్లు

1625వ సంవత్సరమున లండను నగరము మహామారి వాతబడి తల్లడిల్లుచుండగా, ఫెరారు కుటుంబపు వృద్ధమాత మేరీ, హంటింగ్‌డన్ మండలమున తాను గొనిన లిటిల్ గిడ్డింగ్ అను పాడుపడిన పల్లెను జేరెను. ఇల్లు శిథిలము, దాని చెంతనున్న దేవాలయము గడ్డికి కొట్టమును, పందులకు దొడ్డియునై యుండెను. బడలిక దీర్చుకొనకమునుపే యామె పనివాండ్రను బిలిపించి, ముందు గుడిని శుభ్రపరచి పిమ్మట నింటిపని ముట్టుడని యాజ్ఞాపించెను. ఆ కుటుంబము ముప్పది యేండ్లు పాటించిన జీవననియమమంతయు ఆ యొక్కమాటలోనే యిమిడియున్నదని నేను నమ్ముదును.

ఇట్టి నియమజీవనము క్రొత్తది కాదు. ఆఱవ శతాబ్దిలో ఇటలీ దేశపు మోంటే కసీనో మఠాధిపతి బెనెడిక్టు రచించిన 73 అధ్యాయముల నియమగ్రంథము, సన్న్యాసుల దినమును ప్రార్థనకును, పనికిని, పఠనమునకును బంచియిచ్చెను. ఇంగ్లండులో నట్టి మఠములను ఎనిమిదవ హెన్రీ 1540 నాటికి మూయించెను. వర్జీనియా కంపెనీ వ్యవహారములలో నారితేరి, 1624లో పార్లమెంటు సభ్యుడై, 1626లో డీకను పట్టము మాత్రము పుచ్చుకొని యంతకు మించినది కోరని మేరీ కుమారుడు నికొలస్, అట్టి దినక్రమమును తల్లి, అన్న, అక్క, వారి బిడ్డలు, సేవకులు గల సంసారములోనికి దెచ్చెను.

దినమునకు ముమ్మారు గుడికి బోవుట యటుండనిండు. గంటగంటకును కొందఱు చొప్పున వంతులవారీగా గూడి కీర్తనలను, సువార్త భాగమును జదువుదురు. ఇట్లు 150 కీర్తనలును ప్రతిదినము ముగియును, నాలుగు సువార్తలును నెలకొకమారు పూర్తియగును. రాత్రి తొమ్మిది మొదలు ఒంటిగంట వఱకు జాగరణ కలదు. ఒంటిగంటకు నికొలస్ నిద్రలేచి తన ధ్యానము నారంభించును.

ఈ నియమము చేతులకును పని జెప్పెను. మేనకోడండ్రు ముద్రిత సువార్తలను కత్తెరలతో ముక్కలుగా గత్తిరించి, నాలుగు కథనములు నొక్క చరిత్రగా సాగునట్లు నేర్పుగా నతికించి, చిత్రములు గూర్చి గ్రంథములు గట్టిరి. మొదటి చార్లెస్ రాజు వానిలో నొకదానిని ఎరవు దెచ్చుకొని, ముచ్చటపడి తనకొకటి చేయించుకొనెను. 1635 నాటి యా ప్రతి నేటికిని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. నా మనస్సును మఱింత కరగించునది ఆదివారపు దృశ్యము: చుట్టుప్రక్కల పల్లెల పిల్లలు వచ్చి, క్రొత్తగా నేర్చిన కీర్తన నప్పగించి, కీర్తనకొక పెన్నీ పుచ్చుకొని, కడుపునిండ భోజనము చేసి పోవుచుండిరి.

1641లో నొక కరపత్రము ఈ యింటిని సన్న్యాసినుల మఠమని నిందించెను. అది యన్యాయము, అచట శాశ్వతవ్రతములు విధింపబడలేదు, కన్యలకు వివాహములును జరిగెను.

1637 డిసెంబరు 4వ తేదీ రాత్రి ఒంటిగంటకు, తాను ప్రార్థనకు లేచు వేళకే, నికొలస్ కన్నుమూసెను. కుటుంబము మఱి యిరువది యేండ్లు ఆ నియమమును విడువలేదు. ఆ యిల్లు నేడు లేదు. 1714లో పునర్నిర్మితమైన గుడి మాత్రము నిలిచియున్నది. దాని వాకిట నికొలస్ సమాధి కలదు.