హిస్సా వేరు, సట్టా వేరు – సామాన్యుని వాటాల కథ

ఏటేటా మన సొసైటీ వార్షిక సంచికలో కోటల గురించి, నవాబుల గురించి, పాత మసీదుల గురించి చరిత్ర వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. ఈసారి కార్యదర్శి గారు "మాస్టర్ సాబ్, మీరు కూడా ఏదో ఒకటి రాయండి" అని నన్ను పట్టుకున్నారు. నేను ఉర్దూ మీడియం పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పుకునేవాణ్ణి. రాజుల చరిత్ర రోజూ చెబుతూనే ఉంటాను. అందుచేత రాజుల సంగతి పక్కన పెట్టి మామూలు మనుషుల డబ్బు సంగతి రాద్దామనుకున్నాను. అనగా, మనబోటి వాళ్ళు పైసా పైసా కూడబెట్టి షేర్లలో పెట్టినప్పుడు ఏం జరిగింది అన్న చరిత్ర అన్నమాట.

దీనికి కారణం మా ఇంట్లోని ఒక ఇనప ట్రంకు పెట్టె. రెండేళ్ళ కిందట మా అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత ఆ పెట్టె తెరిచాము. అమ్మీ నికాహ్‌నామా, ఇంటి పన్ను రసీదులు, వాటి అడుగున ఒక ప్లాస్టిక్ కవరు. ఆ కవరులో రెండు కాగితాలు. ఒకటి 1980లలో అబ్బా కొన్న 50 షేర్ల సర్టిఫికెట్టు. రెండోది 1990లలో కట్టిన టేకు చెట్ల పథకం బాండు. రెండింటికీ రంగుల అంచు ఉంది, ముద్ర ఉంది, సంతకాలు ఉన్నాయి. చూడటానికి అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. కాని వాటి కథలు మాత్రం పూర్తిగా వేరు.

రెండు మాటలు

షేరును ఉర్దూలో 'హిస్సా' అంటారు. కొన్నవాడు 'హిస్సేదార్'. తెలుగులో వాటా, వాటాదారు. ఎంత చక్కని మాట చూడండి! అన్నదమ్ములకు పొలంలో వాటా ఉన్నట్టే కంపెనీలో మనకు వాటా ఉంటుంది. పండితే గింజ, ఎండితే గడ్డి. అప్పిచ్చినవాడికి వ్యాపారం ఎట్లా నడిచినా వడ్డీ కావాలి. హిస్సేదారు అట్లా కాదు, లాభంలోనూ ఉంటాడు, నష్టంలోనూ ఉంటాడు. కలిసి పెట్టుబడి పెట్టి కలిసి పంచుకునే ముషారకా పద్ధతి మన పెద్దలకు కొత్తేమీ కాదు. ఏ కంపెనీ వ్యాపారం ధర్మసమ్మతం, ఏది కాదు అన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం. నేను చరిత్ర మాత్రమే చెబుతాను.

రెండో మాట 'సట్టా'. ఇందులో కంపెనీతో పని లేదు, అది ఏం తయారు చేస్తుందో తెలియనక్కర లేదు. ధర రేపు పెరుగుతుందా తగ్గుతుందా అన్న పందెమే. చిత్రమేమంటే, ఒకే కాగితం ఒకరి చేతిలో హిస్సా అవుతుంది, మరొకరి చేతిలో సట్టా అవుతుంది. మన దేశంలో వాటాల చరిత్ర అంతా ఈ రెండు మాటల మధ్య ఊగులాటే.

బొంబాయి పిచ్చి

మన దేశంలో 1857లో వచ్చిన కంపెనీల చట్టం ఒక పెద్ద సదుపాయం ఇచ్చింది. కంపెనీ మునిగితే వాటాదారు తాను పెట్టిన మేరకే నష్టపోతాడు, అతని ఇల్లూ గిన్నెలూ జప్తు కావు. అప్పటికే బొంబాయి టౌన్ హాలు దగ్గర మర్రిచెట్టు కింద దలాలులు నిలబడి షేర్ల బేరం చేసేవారు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయింది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు రావటం ఆగిపోయింది. మిల్లు యజమానులు మన పత్తి మీద పడ్డారు. ధర ఆకాశాన్నంటింది. ఓడల కొద్దీ వెండి బొంబాయికి వచ్చి పడింది. మన ఆదోని మార్కెట్టులో పత్తి ధర పెరిగిన రోజు సందడి ఎట్లా ఉంటుందో చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలి? రోజుకొక బ్యాంకు, పూటకొక ఫైనాన్స్ కంపెనీ పుట్టింది. సముద్రాన్ని పూడ్చి భూమి చేస్తామని బ్యాక్ బే కంపెనీ లేచింది. 5,000 రూపాయల దాని షేరు సుమారు 50,000 దాకా పోయింది. గుమాస్తాలు, దుకాణదారులు, నౌకర్లు కూడా ఎగబడ్డారు. ఈ ఆటకు నాయకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే దలాలు. ఆయన మాట ఒక్కటి దొరికితే చాలు, అదే అదృష్టం అనుకునేవారు. చాలామంది డబ్బు కట్టకుండానే, ఫలానా తారీఖున ఇస్తామని వాయిదా బేరాలు రాసుకున్నారు. ఆ తారీఖు 1865 జూలై 1.

1865 ఏప్రిల్‌లో యుద్ధం ముగిసింది. పత్తి ధర పడిపోయింది. జూలై 1 వచ్చింది, కట్టటానికి ఎవరి దగ్గరా డబ్బు లేదు. 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బాంబే షేరు చివరకు 87 రూపాయలకు దిగింది. ప్రేమ్‌చంద్ గారు దివాలా తీశారు. బొంబాయి విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఆయన తల్లి పేరు మీద కట్టిన రాజాబాయి గడియార స్తంభం నేటికీ గంటలు కొడుతోంది. ఆ గంటలు ఎంతమంది మునిగిన సంసారాలను గుర్తు చేస్తాయో!

ఆ బూడిదలోంచే ఒక మంచి పని కూడా మొలిచింది. దలాలులు కట్టుబాట్లు ఉండాలని 1875లో ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రవేశ రుసుము ఒక రూపాయి, సభ్యులు 318 మంది. అదే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్చేంజి.

మూడు వారాల ముచ్చట

ఇక హిస్సా కథ వినండి. జంషెడ్జీ టాటా గారు ఉక్కు కర్మాగారం కల కంటూనే 1904లో కన్నుమూశారు. ఆయన కుమారుడు దొరాబ్జీ లండనుకు వెళ్ళి డబ్బు అడిగితే అక్కడివాళ్ళు పెట్టలేదు. 1907లో, స్వదేశీ ఉద్యమం ఊపులో ఉన్న రోజుల్లో, ఆయన మన జనాన్నే అడిగారు. బొంబాయిలోని టాటా కార్యాలయం ముందు తెల్లవారి మొదలు రాత్రి దాకా జనం కిటకిటలాడారు. ధనికుడు పెద్ద మూటతో వచ్చాడు, పేదవాడు తన చిన్న మూటతో వచ్చాడు. మూడు వారాల్లో, సుమారు 8,000 మంది భారతీయులు, పదహారు లక్షల పౌండ్లకు పైగా పెట్టుబడి మొత్తం కట్టేశారు.

వారికి వెంటనే లాభం రాలేదు. 1912లో గాని ఉక్కు దిమ్మె బయటికి రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఉక్కు ధరలు పడిపోయి, 1924లో కూలీలకు జీతాలివ్వటమే కష్టమయింది. అప్పుడు దొరాబ్జీ గారు తన సొంత ఆస్తి, భార్య వజ్రంతో సహా, తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. వాటాదార్లు చాలా ఏళ్ళు డివిడెండు మొహం చూడలేదు. అయినా కర్మాగారం నిలబడింది. ఏం తయారవుతుందో తెలుసు, నడిపేవాడు ఎవరో తెలుసు, ఓపిక పట్టారు. హిస్సా అంటే ఇది.

గుమాస్తాల కాలం

షేరు మన మధ్యతరగతి గడప తొక్కింది 1970ల తరువాతే. 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం వల్ల చాలా విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకొని మిగతాది మన జనానికి అమ్మవలసి వచ్చింది. ధరను ఢిల్లీలోని అధికారి నిర్ణయించేవాడు. అది తరచుగా బజారు ధరకన్నా తక్కువగానే ఉండేది. 1977లో రిలయన్స్ కంపెనీ 10 రూపాయల షేర్లు 28 లక్షలు జనానికి అమ్మింది. బ్యాంకుల్లో దరఖాస్తు ఫారాలు ఉచితంగా ఇచ్చేవారు. వేసినవాళ్ళు ఎక్కువైతే లాటరీ. వస్తే అలాట్‌మెంటు లెటరు, రాకపోతే రిఫండు.

మా అబ్బా కూడా ఆఫీసులో తోటి గుమాస్తాలను చూసి ఒక ఫారం నింపారు. 50 షేర్లు వచ్చాయి. ఏడాదికొకసారి పోస్టుమాన్ ఒక పొడుగాటి కవరు తెచ్చేవాడు. డివిడెండు ఎంతని? మా ముగ్గురు పిల్లలకు ఈద్ చెప్పులు వచ్చేటంత. అబ్బా ఆ కవరును ముందు అమ్మీ చేతికిచ్చి "మన కంపెనీ పంపింది" అనేవారు. 'మన కంపెనీ' అన్న ఆ మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

నమ్మకాలు పోయిన రోజులు

1992 ఏప్రిల్‌లో సెన్సెక్స్ 4,400 దాటింది. టీ బంకు దగ్గర కూడా షేర్ల మాటే. అదే నెలలో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. బ్యాంకుల డబ్బుతో ధరలు పెంచారని తేలింది. ఏడాది తిరిగేసరికి సూచీ సుమారు సగమయింది. 1988లో ఏర్పడిన సెబీకి 1992లో చట్టబద్ధ అధికారాలు వచ్చాయి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని కొందరు నవ్వారు. కాని ఆ కాపలా లేకపోతే మన గతి ఇంకా అన్యాయంగా ఉండేది.

షేర్లంటే భయపడినవారు ప్రభుత్వ యూనిట్లను నమ్మారు. 1964లో మొదలైన యూ.ఎస్.64 పథకం పింఛనుదార్లకు పెన్నిధిలా ఉండేది. అయితే యూనిట్ ధరను ట్రస్టు తానే ప్రకటించేది, వెనకాల ఉన్న ఆస్తి విలువ ఎంతో జనానికి చెప్పేది కాదు. 2001 జూలైలో ఒక్కసారిగా అమ్మకాలు, తిరిగి కొనటం ఆరు నెలలు ఆపేశారు. సుమారు రెండు కోట్ల మంది గుండెలు జారిపోయాయి. చివరకు ప్రభుత్వం కలుగజేసుకొని చిన్న మదుపరులకు 3,000 యూనిట్ల దాకా కనీస ధర ఇప్పించింది.

2009 జనవరి 7న మన హైదరాబాదు సత్యం కంపెనీ అధిపతి రామలింగ రాజు గారు లెక్కలు కల్పితమని తన ఉత్తరంలో ఒప్పుకున్నారు. పుస్తకాల్లో చూపిన నగదులో ఐదు వేల కోట్లకు పైగా అసలు లేనే లేదు. 179 రూపాయలున్న షేరు ఆ ఒక్క రోజులో 40 దగ్గరికి పడింది. మన ఊరి కంపెనీ, అందరూ మెచ్చిన కంపెనీ, ఆడిటర్లు సంతకం పెట్టిన లెక్కలు! 2013లో అది టెక్ మహీంద్రాలో కలిసినప్పుడు 17 సత్యం షేర్లకు 2 షేర్లు ఇచ్చారు. కాబట్టి హిస్సా అయినా సరే, ఉన్నదంతా ఒకేచోట పెట్టరాదు.

మా మామూ టేకు చెట్లు

ఇక పెట్టెలోని రెండో కాగితం. 1990లలో "వెయ్యి రూపాయలకు ఒక టేకు మొక్క, 20 ఏళ్ళకు 50 వేలు" అని ఊరూరా ప్రకటనలు. అట్లాంటి ఒక సంస్థ ఏజెంటు, మనవాడే, నమాజుకు పక్క వరసలో నిలబడేవాడే, మా మామూను ఒప్పించాడు. "ఇందులో వడ్డీ లేదు మియా, చెట్టు పెరుగుతుంది, మన పైసా పెరుగుతుంది" అన్నాడు. మామూ కూతురి పెళ్ళికి దాచిన డబ్బు పెట్టారు. ఆయన మాట మీద అబ్బా 7,000 పెట్టారు. మూడేళ్ళకు ఆఫీసుకు తాళం. తోట ఎక్కడుందో చూసినవాడు ఒక్కడూ లేడు. పెళ్ళికి మామీ తన గాజులు అమ్మవలసి వచ్చింది.

సిగ్గుతో మామూ రెండేళ్ళు ఈద్‌కు మా ఇంటికి రాలేదు. మూడో ఏడు అబ్బాయే వెళ్ళి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చారు. "ఏడు వేలు పోతే పోయాయి, బామ్మర్ది పోకూడదు" అన్నారు.

ఇది ఒక్క మా ఇంటి సంగతే అయితే రాసేవాణ్ణి కాదు. 1990లలో జనం దగ్గర డబ్బు వసూలు చేసి అడ్రసు లేకుండా పోయిన కంపెనీలు రెండు వందలకు పైగా ఉన్నాయని ప్రభుత్వమే గుర్తించింది. 2019 జూన్‌లో బెంగళూరులో ఐ.ఎం.ఎ. అనే సంస్థ కూలినప్పుడు వేలాది కుటుంబాలు, ఎక్కువగా మనవే, వీధిన పడ్డాయి. వడ్డీ వద్దనుకున్న దైవభీతినే అక్కడ ఎరగా వాడుకున్నారు. సోదర సోదరీమణులారా, నిజమైన ముషారకాలో నష్టం మాట కూడా ఉంటుంది. నెలనెలా ఇంత లాభం తప్పదు అని ఎవరైనా అంటే, వాడి నోట ఎన్ని పవిత్రమైన మాటలు ఉన్నా సరే, అది హిస్సా కానే కాదు.

పెట్టెలు తెరవండి

అబ్బా షేర్ల సంగతి చెప్పి ముగిస్తాను. 1996 తరువాత కాగితపు షేర్లు డీమ్యాట్ ఖాతాల్లోకి మారాయి. 2019 ఏప్రిల్ నుంచి కాగితం మీద అమ్మకం, బదిలీ ఆగిపోయింది. అబ్బాకు ఇది తెలియదు. ఇల్లు మారాం, కవర్లు పాత అడ్రసుకే పోయాయి. ఏడేళ్ళు వరసగా డివిడెండు తీసుకోకపోతే ఆ డబ్బు, షేర్లు కూడా, ప్రభుత్వ మదుపరుల రక్షణ నిధికి పోతాయి. మావీ పోయాయి. అయితే పోయినవి కావు. వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. ఐ.ఇ.పి.ఎఫ్.5 అనే ఫారం ఉంది.

అసలు చిక్కు పేరుతో వచ్చింది. సర్టిఫికెట్టులో 'ఎస్.కె.' అని, ఆధార్‌లో 'షేక్' అని, మరణ ధ్రువపత్రంలో పూర్తి పేరు ఇంకో స్పెల్లింగు. ముగ్గురూ ఒకరేనని రుజువు చేయటానికి ఏడాదిగా తిరుగుతున్నాను. ఫైలు నడుస్తోంది. ఇది మన ఇళ్ళల్లో ఎంతమందికి ఉన్న బాధో నాకు తెలుసు.

కనుక నా మనవి ఒక్కటే. ఇంటికి వెళ్ళి పెట్టెలు తెరవండి. ఏ కాగితం ఉన్నా ఒక నోటుపుస్తకంలో రాసి భార్యకూ పిల్లలకూ చూపించండి. పేర్లు అన్నిచోట్లా ఒకే విధంగా రాయించండి. ఫారం నింపటం రానివారు ఆదివారం జొహర్ నమాజు తరువాత సొసైటీ ఆఫీసుకు వస్తే నాకు తెలిసినంత సాయం చేస్తాను.

అమ్మీ ఇప్పటికీ అడుగుతుంది, "మన కంపెనీ నుంచి ఏమైనా వచ్చిందా?" అని. వస్తే, ఇన్షా అల్లాహ్, ఆ కవరు ముందు ఆమె చేతిలోనే పెడతాను.